చక్కెర తగ్గితే చక్కెరే మందు

మధుమేహం ప్రస్తావన వచ్చినప్పుడల్లా రక్తంలో చక్కెర పెరగకుండా కాపాడుకోవటం గురించే ఈ శీర్షికలో ఎక్కువగా వ్రాస్తూ వచ్చాము. అందులో తప్పేమీ లేదు. పెరిగిన చక్కెర కళ్ళను, మూత్రపిండాలను, నరాలను నెమ్మదిగా తినివేస్తుంది. కాని ఈ వ్యాధికి మరొక వైపు కూడా ఉన్నది. మందులు వాడుతున్న వారికి చక్కెర ఉండవలసిన దానికంటె తగ్గిపోవచ్చు. పెరుగుదల చేసే నష్టానికి సంవత్సరాలు పడుతుంది. తరుగుదల చేసే నష్టానికి ఒక్కొక్కప్పుడు అరగంట చాలు.

భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యాన జరిగి 2023లో వెలువడిన అధ్యయనం మన దేశంలో మధుమేహం ఉన్నవారు 10.1 కోట్ల మంది అని తేల్చింది. పెద్దవారిలో ఇది 11.4 శాతం. ఆ లెక్కన వందమంది పనిచేసే షాపులో పదీ పన్నెండు మంది ఉంటారని అనుకోవచ్చు. వారందరూ పైకి చెప్పరు. అందువలన ఈ వ్యాసం మధుమేహం ఉన్నవారికంటె వారి ప్రక్కన పనిచేసే వారికీ, వారి ఇంటిలోని వారికీ ఎక్కువగా ఉద్దేశించినది. ఎందుకంటే చక్కెర బాగా పడిపోయిన మనిషికి ఆ సంగతి తనంతట తనకు తెలియదు.

మేము వైద్యులం కాము. ముప్పయి ఏళ్ళుగా యంత్రాల మధ్య మసలుతున్న వారం కనుక ముందుగా ఒక చిన్న లెక్కతో మొదలుపెడతాము. మనిషి శరీరంలో రక్తం సుమారు 5 లీటర్లు. డెసిలీటరుకు 100 మిల్లీగ్రాముల చక్కెర అంటే లీటరుకు ఒక గ్రాము. అనగా ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తం మొత్తంలో ఏ క్షణాన చూసినా ఉండే చక్కెర 5 గ్రాములు, ఒక టీ చెంచాడు మాత్రమే! మరి మెదడు ఒక్కటే రోజుకు దాదాపు 120 గ్రాముల గ్లూకోజును ఖర్చు చేస్తుంది. గంటకు 5 గ్రాములు. అంటే రక్తంలోని సరుకంతా కలిపి మెదడుకు ఒక గంట గ్రాసం. మన పవర్ హౌసులలో బాయిలరు ప్రక్కన ఉండే డే ట్యాంకు వంటిది రక్తం. దానిలో ఎప్పుడూ కొంచెమే ఉంటుంది. వెనుకనుండి పంపు ఎడతెగకుండా నింపుతూ ఉండాలి. ఆ పంపు పని చేసేది కాలేయం. భోజనం జీర్ణమైనంతసేపు ప్రేగులనుండి, ఆ తరువాత కాలేయంలోని నిల్వనుండి చక్కెర రక్తంలోకి వస్తుంది. ఇన్సులిన్ ఎక్కువైతే రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. కండరాలు ట్యాంకులోని సరుకును తోడుకుంటాయి. కాలేయం నుండి వచ్చే లైను మూతపడుతుంది. ఇక మిగిలేది ఎంతసేపు?

డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కన్న తగ్గితే జాగ్రత్త పడవలసిన స్థితి. 54 కన్న తగ్గితే అది నిజమైన ప్రమాదం. అంకె ఎంతైనా సరే, ఇంకొకరి సహాయం లేకుండా కోలుకోలేని స్థితి వస్తే దానిని తీవ్రమైనదిగా వైద్యులు పరిగణిస్తారు.

లక్షణాలు రెండు అంచెలలో వస్తాయి. మొదటిది శరీరం మ్రోగించే అలారం. ఆడ్రినలిన్ విడుదలై చల్లని చెమటలు పోస్తాయి, చేతులు వణుకుతాయి, గుండె దడదడ కొట్టుకుంటుంది, ఒక్కసారిగా ఆకలి వేస్తుంది, కారణం లేని భయం పుడుతుంది. ఈ దశలో మనిషికి ఇంకా వివేకం ఉంటుంది. తానే లేచి చక్కెర తీసుకోగలడు. రెండవ అంచె మెదడుకే గ్రాసం తగ్గటం. చూపు మసకబారుతుంది, మాట తడబడుతుంది, అడిగిన దానికి సంబంధం లేని జవాబు వస్తుంది, నడక తూలుతుంది, శాంతస్వభావులు సైతం కసురుకుంటారు. దానినీ దాటితే మూర్ఛ, అపస్మారకం. నిద్రలోనే పడిపోతే దిండు తడిసేటంత చెమట, పీడకలలు, తెల్లవారి లేచేసరికి తలనొప్పి కనిపిస్తాయి. భర్త నిద్రలో కలవరిస్తున్నాడని అటు తిరిగి పడుకునే గృహిణులు ఒకసారి ఆయన మెడమీద చేయి వేసి చూడటం మంచిది.

రెండవ అంచె చూడటానికి అచ్చం తాగినవాని వాలకం. అక్కడే చిక్కు. కొన్నేళ్ళ క్రిందట ఒక వర్కుషాపులో రెండవ షిఫ్టున జరిగిన ఉదంతం మాకు గుర్తున్నది. ఇరవై ఏళ్ళ సర్వీసు ఉన్న ఫిట్టరు, జన్మలో మద్యం ముట్టని మనిషి. రాత్రి ఏడు గంటల వేళ అడిగిన స్పానరుకు బదులు మరొకటి అందించటం మొదలుపెట్టాడు. కాసేపటికి క్రింద చతికిలబడ్డాడు. లెమ్మన్న తోటివానిని బూతు మాట అన్నాడు. చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. "డ్యూటీకి తాగి వస్తావటయ్యా?" అని చార్జిమాన్ సెక్యూరిటీకి ఫోను చేయించి రిపోర్టు వ్రాయటానికి కూర్చున్నాడు. అంతలో ఒక హెల్పరు కుర్రవాడు ముందుకు వచ్చి, "సార్, మా అమ్మకూ ఇట్లాగే అవుతుంది. షుగర్ పడిపోయినట్టుంది, వాసన చూడండి, తాగలేదు" అని, క్యాంటీనుకు పరుగెత్తి గ్లాసులో పంచదార నీళ్ళు తెచ్చాడు. ఫిట్టరు ఆ గ్లాసును రెండుసార్లు తోసివేశాడు. మూడవసారి బుజ్జగించి త్రాగించారు. పావుగంట గడిచాక ఆయన చుట్టూ చూసి, ఇంతమంది ఎందుకు చేరారని అడిగాడు. జరిగిందేదీ ఆయనకు గుర్తు లేదు. ఆనాడు మధ్యాహ్నం మాత్ర వేసుకుని, కూతురి కాలేజీ ఫీజు కట్టే క్యూలో నిలబడి, భోజనానికి వేళ మించిపోగా నేరుగా డ్యూటీకి వచ్చాడట. సగం వ్రాసిన రిపోర్టును చార్జిమాన్ తానే చించివేశాడు. హెల్పరు తల్లికి ఆ జబ్బు లేకపోతే ఏమయ్యేదో పాఠకులు ఊహించుకోగలరు. సెక్యూరిటీ గదిలో ఒక బెంచీమీద పడుకోబెట్టి, మత్తు దిగేదాకా ఉండనివ్వమని చెప్పి ఉండేవారు.

తోసివేయటం అన్న మాటను కొంచెం పట్టించుకోవాలి. చక్కెర తగ్గిన మనిషి "నాకేం కాలేదు, వదలండి" అనటం సర్వసాధారణం. అది ఆయన మాట కాదు. గ్రాసం లేని మెదడు మాట. వాదనకు దిగవద్దు, గట్టిగా కసరవద్దు. చనువున్న వారెవరైనా దగ్గర కూర్చుని నెమ్మదిగా త్రాగించాలి. వాహనం తాళాలు చేతిలో ఉంటే ముందు అవి తీసుకోవాలి. యంత్రం ముందున్నా, నిచ్చెనమీద ఉన్నా మొదట అక్కడనుండి తప్పించాలి.

ఇక చికిత్స. మింగగలిగే స్పృహ ఉంటే 15 గ్రాముల చక్కెర వెంటనే లోపలికి పోవాలి. మూడు టీ చెంచాల గ్లూకోజు పొడి గాని పంచదార గాని అరగ్లాసు నీటిలో కలిపి త్రాగితే సరిపోతుంది. మామూలు తీపి కూల్ డ్రింకు 150 మిల్లీలీటర్లు, అంతే పళ్ళరసం కూడా అదే పని చేస్తుంది. చక్కెర లేదని సీసామీద వ్రాసి ఉన్న డైట్ పానీయాలు ఎందుకూ పనికిరావు. లడ్డూ, చాక్లెట్, ఐస్ క్రీం తీపివే గాని వాటిలోని నెయ్యీ కొవ్వూ జీర్ణాన్ని ఆలస్యం చేస్తాయి. ఇక్కడ కావలసినది వేగం. వేడి వేడి పాల టీ ఊదుకుంటూ త్రాగటంలోనే విలువైన నిమిషాలు గడిచిపోతాయి.

పావుగంట ఆగి మళ్ళీ పరీక్షించాలి. 70 దాటకపోతే ఇంకొక 15 గ్రాములు ఇవ్వాలి. దాటితే, భోజనవేళ దగ్గరలో లేకపోతే, రెండు ఇడ్లీలో, నాలుగు బిస్కెట్లో, ఒక అరటిపండో తినిపించాలి. లేకుంటే చక్కెర మళ్ళీ జారవచ్చు. ఈ పావుగంట ఓపిక పట్టటమే కష్టం. కంగారుతో డబ్బాలో ఉన్న పంచదారంతా తినేవారున్నారు. గంట తరువాత మీటరు 300 చూపుతుంది. దానిని దించటానికి ఎక్కువ మందు వేసుకుంటారు. రాత్రికి మళ్ళీ పడిపోతారు. కంట్రోలు లూపులు ట్యూన్ చేసేవారికి ఈ ఊగిసలాట పరిచితమైనదే.

మీటరు మాట కూడా చెప్పాలి. ఇంటిలో వాడే గ్లూకోమీటర్లకు 2013 నాటి అంతర్జాతీయ ప్రమాణం 100 లోపు రీడింగులలో అటూ ఇటూ 15 మిల్లీగ్రాముల తేడాను అనుమతిస్తుంది. అంటే తెరమీద 75 కనిపించినా అసలు విలువ 60 కావచ్చు. లక్షణాలు ఉండి అంకె హద్దుమీద ఉంటే మనిషిని నమ్మాలి గాని మీటరును కాదు. మీటరు దొరకకపోతే దానిని వెదుకుతూ కూర్చోకుండా చక్కెర ఇచ్చివేయాలి. నిజంగా తగ్గకపోయినా మూడు చెంచాల పంచదార వల్ల ఆ పూట వచ్చే నష్టం స్వల్పం. చేతికి అతికించుకునే సెన్సార్లు ఇటీవల వాడుకలోకి వచ్చాయి. అవి చర్మం క్రింది ద్రవంలో కొలుస్తాయి కనుక చక్కెర వేగంగా పడుతున్నప్పుడు రక్తంకన్న కొన్ని నిమిషాలు వెనుకబడి ఉంటాయి.

చాలామందికి తెలియని ఒక సంగతి ఉన్నది. అకార్బోజ్, వోగ్లిబోజ్ అనే మాత్రలు మన దేశంలో విరివిగా వాడుకలో ఉన్నాయి. అన్నంలోని పిండిపదార్థం త్వరగా చక్కెరగా మారకుండా ప్రేగులలో అడ్డుపడటమే వాటి పని. పంచదారను విడగొట్టే పనికి కూడా అవి అడ్డుపడతాయి. అందుచేత ఆ మాత్రలను ఇన్సులిన్ తోనో, ఇతర మాత్రలతోనో కలిపి వాడేవారికి చక్కెర పడిపోతే పంచదార, బెల్లం, కూల్ డ్రింకు త్వరగా పనిచేయవు. వారికి గ్లూకోజు పొడే ఇవ్వాలి. ఎవరు ఏ మాత్ర వాడుతున్నారో ప్రక్కవారికి ఎట్లా తెలుస్తుంది? అందుకే ఎవరికైనా సరే మొదటి ఎన్నిక గ్లూకోజు పొడి అని మా అభిప్రాయం. అది లేకపోతే పంచదార, చేతికందినది.

స్పృహ తప్పితే ఈ పద్ధతంతా మారిపోతుంది. నోటిలో ఏదీ పోయకూడదు. నీరు గాని, పంచదార గాని ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాపాయం. మనిషిని ఒక ప్రక్కకు తిప్పి పడుకోబెట్టి, బట్టలు వదులు చేసి, ఫ్యాక్టరీలో అయితే డిస్పెన్సరీకి, బయట అయితే 108కి ఫోను చేయాలి. ఫోనులోనే మధుమేహ రోగి అన్న మాట చెప్పాలి. వైద్యులు సిరలోకి గ్లూకోజు ఎక్కిస్తే సాధారణంగా కొద్ది నిమిషాలలో కళ్ళు తెరుస్తారు. గ్లూకగాన్ అనే ఇంజెక్షన్ ఇంటివారు కూడా ఇవ్వగలిగినదే గాని అన్ని మందుల దుకాణాలలోనూ అది దొరకదు. స్పృహ తప్పిన వ్యక్తి సంచిలో ఇన్సులిన్ కనిపించింది గదా అని దానిని ఇచ్చిన సందర్భాలు ఉన్నాయి. అంతకన్న ప్రమాదం లేదు.

అందరికీ ఈ భయం అవసరం లేదు. మెట్ ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి చక్కెర పడిపోవటం అరుదు. ఇన్సులిన్ తీసుకునేవారు, గ్లైబెన్ క్లమైడ్, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు వాడేవారు జాగ్రత్తగా ఉండాలి. ఈ మాత్రలు, ముఖ్యంగా మొదటిది, వయస్సు మళ్ళినవారిలోను, మూత్రపిండాలు బలహీనపడ్డవారిలోను ఎక్కువసేపు పనిచేస్తూనే ఉంటాయి. చక్కెర ఇచ్చి లేపినా కొన్ని గంటలకు మళ్ళీ పడిపోవచ్చు. అటువంటి వారిని తేరుకున్నారని ఇంటికి పంపకుండా ఆసుపత్రిలో ఒక రోజైనా గమనింపులో ఉంచాలి. రిటైరయి ఇంటివద్ద ఉన్న తల్లిదండ్రుల విషయంలో పిల్లలు ఇది గుర్తుంచుకోవలసి ఉంటుంది.

ఇన్సులిన్ వయస్సూ ఈ ప్రమాదం వయస్సూ ఒకటే. 1921-22లో టొరంటోలో దానిని వెలికి తీసిన రోజులలో మందు బలాన్ని కుందేళ్ళమీద కొలిచేవారు. మోతాదు ఎక్కువైన కుందేళ్ళు కాళ్ళు కొట్టుకుంటూ పడిపోయేవి. గ్లూకోజు ఎక్కిస్తే లేచేవి. ఆ నూరేళ్ళనాటి కొలత తగవు మరొక రూపంలో మన ఇళ్ళలో ఇప్పటికీ ఉన్నది. మన దేశంలో ఇన్సులిన్ ఎక్కువగా రెండు గాఢతలలో దొరుకుతుంది. బుడ్లలో వచ్చేది ఎక్కువగా యు-40, అంటే మిల్లీలీటరుకు 40 యూనిట్లు. పెన్నులలో వాడే కార్ట్రిడ్జిలు యు-100. సిరంజిలు కూడా రెండు రకాలు: యు-40కి ఎర్రమూత, యు-100కి నారింజరంగు మూత. పెన్ను చెడిపోయిందని కార్ట్రిడ్జి నుండి ఎర్రమూత సిరంజితో 20 గీతలు లాగారనుకోండి. అది అర మిల్లీలీటరు. అందులో ఉండేది 20 యూనిట్లు కాదు, 50! రెండున్నర రెట్ల మోతాదు. గేజికీ లైనుకీ స్కేలు కలిసిందా లేదా అని పదిసార్లు చూసుకునే మన ఉద్యోగులు ఇంటి ఫ్రిజ్ లోని బుడ్డిమీద అంకెనూ సిరంజిమీద అంకెనూ కూడా కలిపి చూసుకోవాలని ప్రత్యేకంగా కోరుతున్నాము.

షిఫ్టు డ్యూటీ చేసేవారికి మందుకూ భోజనానికీ పొత్తు కుదరటం కష్టం. రిలీవరు రాడు, ఓవర్ టైం పడుతుంది, షట్ డౌన్ పనిలో క్యాంటీను వేళ దాటిపోతుంది. మాత్ర మాత్రం లోపల తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. షిఫ్టు మారే వారంలో ఏ మందు ఎప్పుడు వేసుకోవాలో డాక్టరు చేత కాగితంమీద వ్రాయించుకోవటం ఉత్తమం. శరీరశ్రమ ఎక్కువైన రోజున అప్పుడే కాక ఆ రాత్రి నిద్రలో కూడా చక్కెర తగ్గవచ్చు. మద్యం సేవించిన రాత్రి కాలేయం కొత్తగా చక్కెర తయారుచేయలేదు. మరునాటి ఉదయందాకా ఆ ప్రమాదం ఉంటుంది. పైగా నోటి వాసన చూసి ఎవరూ అనుమానించరు. కార్తీక సోమవారాలు, శివరాత్రి, రంజాన్ ఉపవాసాలు ఉండదలచినవారు మందుల మార్పు గురించి ముందే వైద్యుని అడగాలి. ఉపవాస మధ్యంలో 70 కన్న తగ్గితే ఆ పూటకు విరమించటమే తప్పనిసరి.

మొదటి అంచె అలారం మ్రోగనివారూ కొందరున్నారు. తరచుగా చక్కెర పడిపోతూ ఉంటే శరీరం దానికి అలవాటుపడి చెమట, దడ రావటం మానివేస్తాయి; మనిషి నేరుగా తికమకలోకి జారిపోతాడు. రెండు మూడు వారాలపాటు ఒక్కసారి కూడా తగ్గకుండా చూసుకోగలిగితే చాలామందిలో ఆ సూచనలు తిరిగి వస్తాయి. రక్తపోటుకు, గుండెకు ఇచ్చే ప్రొప్రనలాల్, అటెనలాల్ వంటి మందులు దడనూ వణుకునూ కప్పిపుచ్చుతాయి. చెమటను మాత్రం కప్పలేవు. దీనికి విరుద్ధంగా, చాలాకాలం 300 దగ్గర ఉండి చికిత్స మొదలుపెట్టినవారికి 110 దగ్గరే ఈ లక్షణాలు కనిపించవచ్చు. అది ప్రమాదం కాదు, కొన్ని వారాలలో సర్దుకుంటుంది.

వీటన్నిటికన్న మమ్మల్ని కలవరపెట్టేది వ్యాధిని దాచిపెట్టటం. క్రేన్ పనినుండి తీసివేస్తారనీ, ప్రమోషను పోతుందనీ, షిఫ్టు అలవెన్సు తగ్గుతుందనీ భయపడి ఇన్సులిన్ వాడుతున్న సంగతి ప్రక్కవానికి కూడా చెప్పనివారు ఉన్నారు. ఆ భయం ఉత్తది అని మేము అనలేము. ఎత్తులో పని, భారీ వాహనాలు నడపటం వంటి చోట్ల కొన్ని పరిమితులు ఉండక తప్పదు. అయితే దానిని శిక్షగా కనిపించకుండా చేయవలసిన బాధ్యత పర్యవేక్షకులది. పేరు చెప్పినవాడు నష్టపోతాడని ఒక్కసారి షాపులో ప్రచారమైతే ఇక ఎవరూ నోరు విప్పరు. తినుబండారాలు నిషేధించిన చోట్ల కూడా జేబులో గ్లూకోజు పొట్లం ఉంచుకోవటానికి అనుమతించాలి. షిఫ్టులో కనీసం ఇద్దరికి చెప్పి ఉంచితే చాలు, నోటీసు బోర్డు మీద పెట్టనక్కరలేదు.

ఇంటిలో మధుమేహం ఉన్నదని వంటింటినుండి పంచదార డబ్బానే తీసివేసిన కుటుంబాలు మాకు తెలుసు. ఆ నియమనిష్ఠను గౌరవిస్తూనే, ఒక చిన్న గ్లూకోజు పొట్లం మంచం దగ్గర ఉంచమని కోరుతున్నాము. స్కూటరు డిక్కీలో, ప్రయాణపు సంచిలో, షాపులోని ప్రథమచికిత్స పెట్టెలో కూడా ఒక్కొక్కటి ఉండాలి. వానాకాలంలో ఆ పొడి తేమకు గడ్డకట్టి రాయిలా మారుతుంది. అవసరం వేళ చెంచా దిగదు. మూత బిగుతుగా ఉన్న ప్లాస్టిక్ సీసాలో పోసి, పెట్టెను తనిఖీ చేసేవారు దూదీ అయొడినూ చూసేటప్పుడు దీనిని కూడా ఒకసారి కదిపి చూడాలి.